సర్వర్ ఇచ్చే వాంగ్మూలం

2018 జులై నెలాఖరులో సింగపూర్‌లో లక్షలాది మంది ఫోన్లకు సింగ్‌హెల్త్ ఆరోగ్య సంస్థ నుంచి ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి. మీ వివరాలు దొంగల పాలయ్యాయనో, కాలేదనో చెప్పే సందేశాలవి. 2015 మే 1 నుంచి 2018 జులై 4 మధ్య ఆ సంస్థ స్పెషలిస్టు క్లినిక్‌లకు, పాలీక్లినిక్‌లకు వెళ్లినవాళ్లందరికీ ఈ సందేశాలు పంపారు. ఈశాన్య సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్ పాలీక్లినిక్ కూడా సింగ్‌హెల్త్‌దే. ఆ హౌసింగ్ బోర్డు పట్టణంలో జ్వరానికో, బీపీ మందులకో, పిల్లల టీకాలకో అక్కడికి వెళ్లే కుటుంబాల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. చివరికి తేలిన బాధితుల సంఖ్య 14,95,364. అంతమంది పేర్లు, జాతీయ గుర్తింపు సంఖ్యలు, చిరునామాలు, పుట్టిన తేదీలు బయటికి పోయాయి. వాళ్లలో దాదాపు 1,59,000 మంది ఏ మందులు వాడుతున్నారో కూడా దొంగలకు తెలిసిపోయింది. అప్పటి ప్రధాని లీ సియన్ లూంగ్ వివరాల కోసం దొంగలు పనిగట్టుకుని, పదేపదే వెతికారు.

ఈ సైబర్ దాడి మీద వేసిన విచారణ సంఘం నివేదిక 2019 జనవరి 10న బయటికొచ్చింది. కంప్యూటర్లతో పనిచేసే ప్రతివాళ్లూ చదవాల్సిన నివేదిక అది. దొంగలు మొదట లోపలికి అడుగుపెట్టింది 2017 ఆగస్టు 23న. చాలా నెలలు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి నెమ్మదిగా పాకారు. 2018 జూన్ 11న రోగుల డేటాబేస్ మీద లాగిన్ ప్రయత్నాలు మొదలై, విఫలమయ్యాయి. అసలు లేనే లేని యూజర్ పేర్లతోనూ, అనుమతి లేని ఖాతాలతోనూ తట్టి చూశారు. అవి సిబ్బంది కంట్లో పడ్డాయి కూడా. మర్నాడు మళ్లీ, ఆ మర్నాడు మళ్లీ అదే తంతు. జూన్ 27 నుంచి డేటా తరలిపోవడం మొదలైంది. జులై 4న ఒక డేటాబేస్ ఉద్యోగి అనుమానాస్పదమైన క్వెరీలు గమనించి ఆపించాకే అది ఆగింది. సింగపూర్ సైబర్ సెక్యూరిటీ ఏజెన్సీకి కబురు అందింది జులై 10న. అంటే ఆ లాగిన్ ప్రయత్నాలు కంటపడిన నెల రోజులకు.

యంత్రాలు చెప్పాల్సింది చెప్పాయి. ఆ మాట సరైనవాళ్ల చెవికి సరైన సమయంలో చేరలేదు. సర్వర్లలో లాగింగ్ ఏర్పాటు చేయడమంటే కాన్ఫిగరేషన్ ఫైల్లో నాలుగు లైన్లు రాసి చేతులు దులుపుకోవడమని చాలామంది అనుకుంటారు. ఆ నాలుగు లైన్లలో ఏముండాలో, ఎందుకుండాలో కాస్త లోతుగా చూద్దాం.

సర్వర్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామూ తను చేసిన పని గురించి, తనకొచ్చిన ఇబ్బంది గురించి ఒక్కో వాక్యం చెబుతూ ఉంటుంది. ఎవరో లాగిన్ అయ్యారు, డిస్కు నిండుతోంది, బ్యాకప్ ఆగిపోయింది. ఈ వాక్యాల చిట్టానే లాగ్. ఈ వాక్యాలన్నిటినీ ఒక దగ్గర చేర్చి, విడదీసి, చేరాల్సిన చోటికి చేర్చే సేవకు సిస్‌లాగ్ అని పేరు. 1980లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ క్యాంపస్‌లో ఎరిక్ ఆల్‌మన్ తన సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్ కోసం దీన్ని రాశారు. పనికొచ్చేలా ఉండటంతో మిగతా ప్రోగ్రాములూ వాడుకోవడం మొదలుపెట్టాయి. ఇరవై ఏళ్లపాటు రాతపూర్వకమైన ప్రమాణమంటూ లేకుండానే అది ప్రపంచమంతా పాకింది. 2001 ఆగస్టులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3164 అప్పటికే వాడుకలో ఉన్నదాన్ని వర్ణించి ఊరుకుంది. అసలైన ప్రమాణం 2009 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424. దాన్ని రాసిన రైనర్ గెర్‌హార్డ్స్ అప్పటికే, 2004లో, ఆర్‌సిస్‌లాగ్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టి ఉన్నారు. ఇవాళ లెక్కలేనన్ని లైనక్స్ సర్వర్లలో ఈ పని చేస్తున్నది అదే.

సిస్‌లాగ్ సందేశం నెట్‌వర్క్ మీద వెళ్లేటప్పుడు దాని తల దగ్గర ఒక అంకె ఉంటుంది. ఉదాహరణకు <34>. ఈ ఒక్క అంకెలో రెండు సంగతులు ఇమిడి ఉన్నాయి. మాట ఏ విభాగం నుంచి వచ్చిందో చెప్పేది ఫెసిలిటీ. కెర్నల్‌ది 0, మెయిల్‌ది 2, లాగిన్లూ భద్రతా వ్యవహారాలవి 4, ఇలా 23 దాకా ఉన్నాయి. 16 నుంచి 23 వరకు ఉన్నవి మన సొంత అప్లికేషన్లు వాడుకోవడానికి ఖాళీగా వదిలినవి. మాట ఎంత తీవ్రమైనదో చెప్పేది సివియారిటీ. 0 అంటే వ్యవస్థ కుప్పకూలిందని, 3 అంటే ఎర్రర్, 4 అంటే హెచ్చరిక, 6 అంటే మామూలు సమాచారం, 7 అంటే ప్రోగ్రామర్లకు మాత్రమే పనికొచ్చే వివరం. అంకె చిన్నదయ్యేకొద్దీ ప్రమాదం పెద్దది. ఫెసిలిటీని 8తో హెచ్చించి సివియారిటీని కలిపితే తల మీది అంకె వస్తుంది. 34ని 8తో భాగిస్తే 4, శేషం 2. అంటే లాగిన్ విభాగం నుంచి వచ్చిన, చాలా తీవ్రమైన సందేశం.

కాన్ఫిగరేషన్ ఫైల్లో పాతకాలపు పద్ధతి లైను ఈ రెండిటి మీదే నడుస్తుంది. ఎడమవైపు ఏ విభాగం, ఏ స్థాయి అని రాస్తాం. కుడివైపు ఎక్కడికి పంపాలో రాస్తాం. హెచ్చరిక స్థాయి అని రాస్తే హెచ్చరికలూ, అంతకంటే తీవ్రమైనవీ అన్నీ వస్తాయి. అంతకంటే తేలికైనవి రావు. సరిగ్గా ఇక్కడే చాలా సంస్థలు దెబ్బతింటున్నాయి. డిస్కు ఖర్చు తగ్గించుకుందామని, సెంట్రల్ సర్వర్‌కి హెచ్చరిక, ఆపై స్థాయి సందేశాలు మాత్రమే పంపమని రాస్తారు. చూడటానికి తెలివైన నిర్ణయమే. కానీ దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌లో ఎవరైనా తప్పు పాస్‌వర్డ్ కొడితే పడే సందేశం ఏ స్థాయిదో తెలుసా? 6. మామూలు సమాచారం. సర్వర్ దృష్టిలో తప్పు పాస్‌వర్డ్‌ను తిప్పికొట్టడం తన రోజువారీ పని, అందులో ఆందోళన పడాల్సిందేమీ లేదు. దాంతో లేని యూజర్ పేరుతో రాత్రంతా ఎవరో తలుపు కొట్టినా, ఆ జల్లెడలోంచి ఆ వాక్యాలు సెంట్రల్ సర్వర్‌కి చేరవు. అందుకే లాగిన్ విభాగానికి స్థాయి పరిమితి పెట్టకూడదు. దాని సందేశాలన్నీ, ఏ స్థాయివైనా సరే, బయటికి వెళ్లాలి.

బయటికి ఎందుకు వెళ్లాలంటే, ఆ యంత్రం దొంగ చేతికి చిక్కాక అందులోని లాగ్ ఫైళ్లూ చిక్కినట్టే. ఆర్‌సిస్‌లాగ్ ఉంటే, రెడ్‌హ్యాట్ కుటుంబపు లైనక్స్‌లలో లాగిన్ సందేశాలు సెక్యూర్ అనే ఫైల్లో పడతాయి, ఉబుంటు, డెబియన్‌లలో ఆథ్ లాగ్‌లో పడతాయి. రూట్ అధికారం సంపాదించినవాడికి వాటిని తుడిచేయడం క్షణం పని. తుడిచేలోపే ఆ వాక్యం ఇంకో యంత్రానికి చేరిపోయి ఉండాలి. ఆ యంత్రం తాళాలు ఈ సర్వర్లను చూసుకునే మనుషుల దగ్గర ఉండకూడదు, వాటికి వాడే పాస్‌వర్డ్‌లు అక్కడ చెల్లకూడదు.

1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈ సూత్రాన్ని తన అవసరం కొద్దీ కనిపెట్టారు. కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. ఆ తేడా ఎక్కడిదో తేల్చమని ఆయనకు అప్పగించారు. బయటినుంచి వచ్చే టెలిఫోన్ లైన్లకు ప్రింటర్లు తగిలించి, చొరబడినవాడు కొట్టే ప్రతి అక్షరాన్నీ కాగితం మీదికి ఎక్కించారాయన. లాగ్ కంప్యూటర్ లోపల లేదు కాబట్టి చొరబడినవాడికి దాని ఉనికే తెలియలేదు. ఆ కాగితాల ఆధారంగా సాగిన వేట చివరికి పశ్చిమ జర్మనీలోని హానోవర్‌లో మార్కుస్ హెస్ అనే వ్యక్తి ఇంటి దగ్గర ఆగింది.

ఇప్పుడు ప్రింటర్ల అవసరం లేదు. ఆర్‌సిస్‌లాగ్‌లో గమ్యం సర్వర్ పేరు ముందు ఒక @ పెడితే సందేశాలు యూడీపీ పద్ధతిలో 514వ పోర్టుకి వెళతాయి. @@ పెడితే టీసీపీలో వెళతాయి. మొదటిది మామూలు పోస్టు కార్డు, చేరిందో లేదో పంపినవాడికి తెలియదు. రెండోది రిజిస్టర్డ్ పోస్టుకి దగ్గర. దగ్గర అని ఎందుకంటున్నానంటే, టీసీపీలో రసీదు ఇచ్చేది అవతలి యంత్రం మాత్రమే, అక్కడి లాగింగ్ ప్రోగ్రామ్ కాదు. కనెక్షన్ హఠాత్తుగా తెగితే దారిలో ఉన్న కొన్ని వాక్యాలు పోతాయి. ఆ నష్టం కూడా వద్దనుకుంటే రెల్ప్ అనే పద్ధతి ఉంది. అందులో అవతలి ప్రోగ్రామే స్వయంగా అందిందని చెబుతుంది. టీసీపీ ఎంచుకున్నా, రెల్ప్ ఎంచుకున్నా టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరని నా అభిప్రాయం. సిస్‌లాగ్‌కి దానికోసం 6514వ పోర్టు కేటాయించారు. దీనితోపాటు పంపే సర్వర్ డిస్కు మీద ఒక క్యూ కూడా పెట్టాలి. సెంట్రల్ సర్వర్ గంటసేపు ఆగిపోయినా సందేశాలు ఆ క్యూలో ఉండి, అది లేవగానే వెళతాయి.

గడియారం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దర్యాప్తులో ఎక్కువ తలనొప్పి తెచ్చేది అదే. పాత పద్ధతి సందేశంలో నెల, తేదీ, సమయం ఉంటాయి. సంవత్సరం ఉండదు, ఏ దేశపు సమయమో ఉండదు. సింగపూర్‌లో ఉదయం 9 గంటలైతే హైదరాబాద్‌లో 6:30. సింగపూర్ బ్యాంకు డీబీఎస్ 2016లో హైదరాబాద్‌లో టెక్నాలజీ కేంద్రం తెరిచింది. ఇలా రెండు ఊళ్లలో మనుషులూ యంత్రాలూ ఉన్న సంస్థలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. రెండుచోట్ల లాగ్‌లనీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండున్నర గంటల తేడాతో ఏది ముందో ఏది వెనకో తారుమారవుతుంది. కొత్త పద్ధతి సందేశంలో సంవత్సరమూ, టైమ్‌జోన్ తేడా కూడా రాసే వీలుంది. దాన్నే వాడాలి. అన్ని యంత్రాలూ ఎన్‌టీపీ ద్వారా ఒకే గడియారాన్ని అనుసరించాలి.

లాగ్‌లో ఉండకూడనివి కూడా ఉన్నాయి. తొందరలో యూజర్ పేరు రాయాల్సిన పెట్టెలో పాస్‌వర్డ్ కొట్టేవాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు. సర్వర్ దాన్ని పేరనుకుని, ఫలానా యూజర్ ఎవరూ లేరు అని ఆ పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు రాసేస్తుంది. ఆ మరుక్షణం అసలు పేరుతో విజయవంతమైన లాగిన్ కూడా పడుతుంది. రెండు లైన్లూ కలిపి చదివితే తాళంచెవి దొరికినట్టే. కాబట్టి లాగ్ ఫైళ్లు అందరికీ చదవడానికి తెరిచి ఉండకూడదు. రోగుల గుర్తింపు సంఖ్యలు, మన దగ్గరైతే ఆధార్ నంబర్లు, అప్లికేషన్ రాసే సందేశాల్లోకి అసలు రాకూడదు.

ఇక ఎన్నాళ్లు దాచాలి? మన దేశంలో సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. నిర్దేశించిన ఘటనలు దృష్టికి వచ్చిన 6 గంటల్లోపు తెలియజేయాలి. అంతకు ముందున్న పరిస్థితితో పోలిస్తే ఇది మంచి అడుగే. కానీ సింగ్‌హెల్త్ లెక్క ఒక్కసారి చూడండి. 2017 ఆగస్టు 23న మొదటి చొరబాటు, 2018 జులై 4న అడ్డుకట్ట. మధ్యలో 315 రోజులు. 180 రోజుల లాగ్‌లు మాత్రమే ఉన్న సంస్థ అలాంటి దొంగను పట్టుకున్న రోజున, వాడు ఏ తలుపులోంచి వచ్చాడో చెప్పే పుట అప్పటికే చెరిగిపోయి ఉంటుంది. చట్టం అడిగింది కనీసం మాత్రమే. లాగిన్, అధికారాల మార్పులకు సంబంధించిన సందేశాలు ఏడాదికి తక్కువ కాకుండా దాచాలి. కుదించి పెడితే అవి తీసుకునే చోటు అంత ఎక్కువేమీ కాదు.

అలాగని సిస్‌లాగ్ ఒక్కటే సింగ్‌హెల్త్‌ను కాపాడేదని చెప్పలేను. సిస్‌లాగ్‌కి డేటాబేస్ లోపల నడిచే క్వెరీలు వాటంతటవే కనిపించవు. వాటిని చూడటానికి డేటాబేస్‌కే ప్రత్యేకమైన నిఘా కావాలి. రోగుల డేటాబేస్ మీద అసాధారణమైన క్వెరీలను పసిగట్టే ఏర్పాటు లేదని విచారణ సంఘం ఎత్తి చూపింది. అన్నిటికంటే ముఖ్యం, గుర్తులు కనపడ్డాక ఎవరికి చెప్పాలో, ఎంతలో చెప్పాలో సిబ్బందికి స్పష్టంగా తెలిసి ఉండటం. సింగపూర్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ కమిషన్ సింగ్‌హెల్త్‌కి 2,50,000 సింగపూర్ డాలర్లు, దాని ఐటీ వ్యవహారాలు చూసిన ఐహెచ్‌ఐఎస్‌కి 7,50,000 డాలర్లు జరిమానా వేసింది.   పాలీక్లినిక్‌లో పేరు చెప్పి కూర్చునే మనిషికి ఈ ఫెసిలిటీలూ పోర్టులూ ఏమీ తెలియనక్కర్లేదు. తెలిసి ఉండాల్సిన బాధ్యత సర్వర్లు చూసుకునేవాళ్లది.

మీరు ఆ పనిలో ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. లైనక్స్‌లో లాగర్ అనే కమాండ్ ఉంది. దానితో లాగిన్ విభాగం పేరిట, 6వ స్థాయిలో, మీకు గుర్తుండే ఒక వాక్యం రాయండి. సెంట్రల్ సర్వర్‌లో వెతకండి. దొరికితే దాని మీద ఉన్న సమయం సరైనదేనా చూడండి. తర్వాత లేని యూజర్ పేరుతో ఓ పదిసార్లు లాగిన్‌కి ప్రయత్నించి, మీ సంస్థలో ఎవరైనా మీకు ఫోన్ చేసి అడుగుతారేమో చూడండి. ఎవరూ అడగకపోతే మీ లాగింగ్ ఇంకా పూర్తికాలేదు. ఈ వారమే ఆ పని చేపట్టండి.