తాతల నాటి భోషాణం కట్టెల ధరకు పోవలసిందేనా?

పొదిలి: పాత మిద్దె పడగొట్టి కొత్త ఇల్లు కట్టుకునే రైతుకు ఒక చిక్కు వచ్చిపడుతుంది. తాతల నాటి భోషాణాన్ని ఏం చేయాలి? కొత్త గుమ్మంలో అది పట్టదు. అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలు చేసి పంచుకునేదీ కాదు. చివరకు పాత సామాన్ల వ్యాపారి చెప్పిన ధరకు బండెక్కుతుంది.

సగం సంసారం అందులోనే

భోషాణం వట్టి పెట్టె కాదు. పట్టుబట్టలు, రాగి, ఇత్తడి పాత్రలు, పొలం దస్తావేజులు, వెండి, బంగారం అన్నీ అందులోనే. మూత మీద పరుపు వేసుకుని ఇంటి పెద్దావిడ పడుకునేది. ఆమె లేస్తేగాని పెట్టె తెరుచుకోదు. దొంగలకు అంతకు మించిన కాపలా ఏముంటుంది? బట్టల మడతల్లో ఎండిన వేపాకు వేసేవారు. నేల చెమ్మ, చెదలు తగలకుండా కాళ్ల కింద రాళ్లు పెట్టేవారు.

ఏ పనికి ఏ కొయ్యో ఊరి వడ్రంగికి తెలుసు. బండి చక్రానికి తుమ్మ, రోకలికి చండ్ర, ద్వారబంధానికి వేప, పెట్టెకూ మంచానికీ టేకు. టేకులో సహజంగా ఉండే నూనె చెదలను దరిచేరనివ్వదు. ఇంత పని చేసిన వడ్రంగికి ఏటా కళ్లంలో మేర గింజలు కొలిచేవారు.

ఇంగ్లండులో ఓక్

మనకు టేకు ఎలాగో ఇంగ్లండు వారికి ఓక్ అలాగ. అక్కడి పల్లెటూళ్లలోనూ ఓక్ పెట్టెలో దుప్పట్లు, బట్టలు దాచి, మూత మీద కూర్చునేవారు. పొయ్యి దగ్గర వేసుకునే బల్లకు ఎత్తైన వీపు ఉండి వెనుక నుంచి వచ్చే చలిగాలిని ఆపేది. చాలా బల్లలకు కూర్చునే పలక కిందే పెట్టె. ఓక్‌లో వగరు ఎక్కువ. తడిలో ఇనుము తగిలితే కొయ్య నల్లబడుతుంది. వారు ఒక చెక్కకు బెజ్జం చేసి, రెండో చెక్క కొసను అందులోకి దించి, కొయ్య చీల బిగించేవారు. మన వడ్రంగి పనితనమూ అదే. 17వ శతాబ్దం నాటి ఓక్ సామాను అక్కడ ఇంకా ఇళ్లలో వాడుకలో ఉంది. 

మళ్లీ దొరికేది కాదు

ఉక్కు బీరువాలు వచ్చాక భోషాణం మూలపడింది. కానీ అంత వెడల్పు పలకలు ఈనాడు దొరకడం కష్టం. నల్లమల అడవి 1983లో పులుల సంరక్షణ కేంద్రమైంది. అక్కడ చెట్టు కొట్టడానికి వీలులేదు. కొత్త టేకు కొనాలంటే ఎంత ఖర్చో ఇల్లు కట్టే ప్రతివారికీ తెలుసు.

అందుకే అమ్మే ముందు తెలిసిన వడ్రంగికి ఒకసారి చూపించడం మంచిది. కంటికి కనిపించని అడుగు పక్కన కాస్త గీకితే కొయ్య ఏదో ఆయన చెప్పగలడు. చీలల మీద బిగించిన పెట్టె అయితే విప్పి కొత్త ఇంట్లో మళ్లీ కూర్చవచ్చు. పెట్టెగా అక్కరలేకపోతే ఆ పలకలు తలుపులకో, మంచానికో పనికొస్తాయి. ఉంచుకునేవారు వాన, ఎండ తగలని చోట రాళ్ల మీద నిలిపి, ఏడాదికోసారి అవిసెనూనె పలుచగా రాస్తే చాలు.

తాత కొన్న పొలం అమ్మడానికి పదిమందిని అడుగుతాం. తాత చేయించిన పెట్టెకూ ఆపాటి విచారణ అవసరం.