మాయాచషకములు

పానపాత్రమునకు సంస్కృతమున చషకమని పేరు. భక్షణార్థకమగు చష ధాతువు దీనికి మూలము. తెలుగున ముంత యనుట వాడుక. ముంతతో త్రాగుటకు విద్య యక్కఱలేదు. ఉపాయ మెఱుగనిచో త్రాగరాని మృత్పాత్రములును గలవు. వానిని మాయాచషకము లనవచ్చును. అవి ముఖ్యముగా రెండు తెఱగులు.

మొదటిది పీల్చునది. దీని కంఠమునిండ చిల్లు లుండును; వంచినచో మద్యము త్రాగువానిపై నొలుకును. పిడి మాత్రము బోలుగా నుండి, క్రిందికొన పాత్రగర్భమునకును, పైకొన యంచులోని నాళమునకును గలియును. పిడి క్రింద మఱుగున నొక బెజ్జముండును. దానిని వ్రేలితో మూసి, అంచునందలి కొమ్ములలో నొకటి విడిచి తక్కినవియు మూసి పీల్చినచో ద్రవము నోటికి వచ్చును. బెజ్జము మఱచినచో గాలియే వచ్చును.

దీనిని జేయుట కష్టము. కుమ్మరి సారెపై పాత్రమునెత్తి, అంచును మడచి నాళముగా మలచును. పుల్లకు మట్టి చుట్టి, పుల్లను లాగివేసి, పిడిని బోలుగా జేసి, పచ్చియాఱకముందే యదుకును. ఆవమున నతుకు చీలెనా, గాలి చొచ్చి తంత్రము చెడును. ఫ్రాన్సున జేయబడి యింగ్లండునందలి ఎక్సెటరు జేరిన యిట్టి పాత్ర సుమారు 1300 నాటిది. 17, 18 శతాబ్దములలో నాంగ్లేయుల పానశాలలందు వీనిపై పందెములు సాగెను.

రెండవది పోయునది. దీని గర్భమున వంగిన నాళముండును. ఒక కొన పాత్ర యడుగున లోపల, రెండవది యడుగును దాటి వెలుపల. ద్రవము వంపును మించినంతనే యంతయు జాఱిపోవును. అత్యాశతో నిండ బోయించుకొనువానికి ఉన్నదియు దక్కదు. యవనులు దీనిని పైథాగరసున కారోపించిరి. 9వ శతాబ్దమున బాగ్దాదునందు బనూ మూసా సోదరులు తమ యంత్రగ్రంథమున బెక్కు మాయాపాత్రములను వర్ణించిరి. భారతదేశమున నిది వాసుదేవపాత్రము: శిశుకృష్ణుని పాదము సోకగానే నీరు తీయును, యమున త్రోవయిచ్చిన కథ దీనికి బీజము.

తెలుగు కల్లుదుకాణమున నేది పొసగును? మలక్‌పేటతోగూడ హైదరాబాదు నగరమున నీ దుకాణములు 2004లో మూతపడి 2014లో మరల దెఱవబడెను. కల్లు చెట్టుపై లొట్టిలో జేరి, దిగివచ్చి ముంతలకెక్కును. పల్లెలలో తాటిరేకలోనికి ధారగా బోయుదురు. ఎవరి రేక వారిది. ఒకే కొమ్మును పలువురు పెదవుల నుంచుకొని పీల్చు క్రీడకు ఎంగిలి యను నాచార మడ్డు. వాసుదేవపాత్రమున కట్టి చిక్కు లేదు. చూచువారు నోరు సోకింపనక్కఱలేదు. భారతదేశమున నీ రెండవ తెఱగే ప్రసిద్ధమగుటకు ఎంగిలి యొక కారణమని యూహింపవచ్చును. పాఠశాలలో బాలురకు వాయుపీడన ధర్మమును జూపుటకును నిదియే తగినది.