మీకు తెలుసా? నూరో రేసు నడపని ఛాంపియన్

ఫార్ములా వన్‌లో మూడుసార్లు ప్రపంచ విజేత జాకీ స్టీవర్ట్ 1973 సీజన్‌తో ఆట మానేయాలని ముందే నిశ్చయించుకున్నాడు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లో జరగాల్సింది అతని నూరో రేసు. ముందురోజు క్వాలిఫయింగ్‌లో అతని జట్టు సహచరుడు, ఆప్తుడు ఫ్రాన్స్వా సెవెర్ ప్రమాదంలో చనిపోయాడు. జట్టు తప్పుకుంది, స్టీవర్ట్ 99తోనే ఆపేశాడు.

తోటి డ్రైవర్ల చావులు అతను అప్పటికే ఎన్నో చూశాడు. తానూ ఒకసారి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. 1966లో బెల్జియంలోని స్పా ట్రాక్‌పై వానకు కారు అదుపు తప్పినప్పుడు, పెట్రోలులో తడిసిపోయి స్టీరింగ్ కింద ఇరుక్కుపోయాడు. దాన్ని ఊడదీయడానికి ట్రాక్ సిబ్బంది దగ్గర పనిముట్లే లేవు! ఇద్దరు తోటి డ్రైవర్లు ఒక ప్రేక్షకుడి దగ్గర స్పానర్ అడిగి తెచ్చి అతన్ని బయటికి లాగారు. అప్పటినుంచి తన స్టీరింగుకే ఒక స్పానర్ టేపుతో అంటించుకుని రేసుకు దిగేవాడు.