ఔషధ స్ఫటికాలలో హైడ్రోజన్ బంధం: పారసిటమాల్ రెండు రూపాల పరిశీలన

ఉపోద్ఘాతం

మేడ్చల్ ప్రాంతంలోనూ, శామీర్‌పేట పరిసరాలలోని జీనోమ్ వ్యాలీలోనూ ఔషధ పరిశోధన, తయారీ సంస్థలు అనేకం ఉన్నాయి. ఔషధం రసాయన సూత్రం తెలిసినంత మాత్రాన దాని గుణాలన్నీ తెలిసినట్లు కాదు. ఒకే రకం అణువులు ఘనస్థితిలో వేర్వేరు రీతులలో అమరవచ్చు. దీనినే బహురూపత అంటారు. ఈ అమరికను నిర్ణయించే బలాలలో హైడ్రోజన్ బంధం ప్రధానమైనది.

హైడ్రోజన్ బంధ స్వభావం

ఆక్సిజన్‌తో గాని, నైట్రోజన్‌తో గాని బంధితమైన హైడ్రోజన్ పరమాణువుపై పాక్షిక ధనావేశం ఏర్పడుతుంది. అది పొరుగు అణువులోని ఆక్సిజన్ వంటి పరమాణువు ఎలక్ట్రాన్ జంట వైపు ఆకర్షితమవుతుంది. ఇది సమయోజనీయ బంధం కంటే చాలా బలహీనమైనది. అయితే దీనికి నిర్దిష్టమైన దిశ ఉంటుంది. కనుక ఏ సమూహం ఏ సమూహంతో జతకూడుతుందో కొంతవరకు ఊహించవచ్చు. ఈ ఆలోచనపై ఆధారపడిన స్ఫటిక నిర్మాణ రూపకల్పనా శాస్త్రాన్ని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గౌతమ్ ఆర్. దేశిరాజు తన 1989 నాటి గ్రంథంతోనూ, 1995లో ప్రతిపాదించిన 'సుప్రామాలిక్యులర్ సింథాన్' భావనతోనూ బలపరిచారు.

పారసిటమాల్

పారసిటమాల్ అణువులో ఒక హైడ్రాక్సిల్ సమూహం, ఒక అమైడ్ సమూహం ఉన్నాయి. హైడ్రాక్సిల్ హైడ్రోజన్ పొరుగు అణువులోని కార్బొనిల్ ఆక్సిజన్‌తోనూ, అమైడ్ హైడ్రోజన్ మరొక అణువులోని హైడ్రాక్సిల్ ఆక్సిజన్‌తోనూ బంధం ఏర్పరుస్తాయి. మొదటి రూపం మోనోక్లినిక్, రెండవది ఆర్థోరాంబిక్. రెండింటిలోనూ జతకూడే సమూహాలు ఇవే. భేదమంతా పొరల ఆకృతిలో ఉంది. మొదటి రూపంలో పొరలు ముడతలు పడినట్లుంటాయి. ఒత్తిడికి ఒకదానిపై ఒకటి జారవు. కనుక దాని పొడిని నేరుగా అదిమితే గట్టి మాత్ర రాదు, బంధక పదార్థం కలపాలి. రెండవ రూపంలో పొరలు చదునుగా ఉండి సులువుగా జారుతాయి. కాని సాధారణ పరిస్థితులలో మొదటి రూపమే ఎక్కువ స్థిరమైనది. రెండవది దానిగా మారిపోగలదు. అందుకే మార్కెట్‌లోని మాత్రలలో సాధారణంగా మొదటి రూపమే ఉంటుంది.

బహురూపత తెచ్చే ప్రమాదం

పారసిటమాల్ విషయంలో ఇది తయారీ సౌలభ్యానికి సంబంధించిన ప్రశ్న. ఎయిడ్స్ చికిత్సలో వాడే రిటోనావిర్ విషయంలో అది రోగుల ప్రశ్నగా మారింది. 1996లో విడుదలైన ఈ ఔషధంలో 1998లో అంతవరకు ఎరుగని కొత్త స్ఫటిక రూపం బయటపడింది. హైడ్రోజన్ బంధాలు మరింత అనుకూలంగా కుదిరిన ఆ రూపం మరింత స్థిరమైనది, కాని చాలా తక్కువగా కరిగేది. గుళికల సరఫరా నిలిచిపోయింది; ఔషధాన్ని తిరిగి రూపొందించవలసి వచ్చింది. అణువు మారలేదు, అమరిక మారింది.

ముగింపు

ఏకస్ఫటిక ఎక్స్-కిరణ వివర్తనం పరమాణువుల స్థానాలను చూపుతుంది. పొడి వివర్తన పటం ఒక్కో రూపానికి వేలిముద్ర వంటిది. ఉత్పత్తిలో ప్రతి విడతలోనూ ఒకే రూపం ఉన్నదని నిర్ధారించడానికి ఈ పద్ధతులు ఆధారం. ఘన ఔషధ నాణ్యతను పరీక్షించేటప్పుడు రసాయన శుద్ధతతో పాటు స్ఫటిక రూపాన్ని కూడా పరిగణించడం అవసరం.