వాకిట్లో వంతులవారీ పరిమళం

అల్వాల్‌లో సొంతిల్లు కట్టుకున్న చాలామందికి ఇంటికీ ప్రహరీకీ మధ్య మిగిలేది నాలుగైదు అడుగుల మట్టి. పక్కనున్న బొల్లారం రాష్ట్రపతి నిలయానిది 90 ఎకరాల ప్రాంగణం, అక్కడ ఏ కాలానికి ఆ తోట వేసుకోవచ్చు. 150 గజాల స్థలంలో ఆ వీలు లేదు. అందుకే ఏడాదంతా పూస్తూ ఏడాదంతా ఘుమఘుమలాడే ఒక్క మొక్క కోసం జనం నర్సరీల చుట్టూ తిరుగుతారు. ఆ వెతుకులాట మానుకోవడమే మేలని నా అభిప్రాయం. పన్నెండు నెలలూ పూసే నూరువరహాలకు వాసన లేదు. నందివర్ధనం వాసన దగ్గరికి వెళితే గానీ తెలియదు. వీధి మలుపు దాకా గుబాళించే మల్లెకు వేసవి దాటితే ఊపు తగ్గుతుంది. చిన్న పెరటికి కావలసింది ఒకదాని వెంట ఒకటి వంతు అందుకునే రెండు మూడు పొదలు.

ఆ వంతులను నిర్ణయించేది కత్తెర. మల్లె కొత్త చిగురు కొసనే మొగ్గ తొడుగుతుంది. సాధారణంగా మూడేసి మొగ్గలు, వాటిలో నడిమిది ముందు విచ్చుకుంటుంది. నవంబరు ఆఖరున నీళ్లు తగ్గించి, పొదను మోకాలెత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకు దూసి, పాదులో చివికిన పశువుల ఎరువు వేస్తే ఫిబ్రవరి, మార్చికల్లా మొగ్గ పడుతుంది, వేసవంతా పూలే. జాజిని డిసెంబరులో కత్తిరిస్తే వానాకాలం దాని వంతు. ఆగస్టు నుంచి చలి ముదిరే దాకా పారిజాతం ఉండనే ఉంది. దాన్ని వదిలేస్తే చెట్టవుతుంది కాబట్టి పూత అయ్యాక ఏటా తల తుంచాలి. జనవరి వెలితిని కుండీలోని మరువం, దవనం ఆకువాసనతో తీరుస్తాయి.

గంధరాజం ఉండగా ఇంత తతంగం ఎందుకని అడగొచ్చు. దానికి పులుపు నేల కావాలి. ఇక్కడి బోర్లలో చాలావాటి నీళ్లు సున్నపుపాలు ఎక్కువున్న ఉప్పునీళ్లు. అవి పోస్తుంటే మట్టిలో ఇనుమున్నా వేరుకు అందదు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య ఆకంతా పసుపు తిరుగుతుంది. వాననీళ్లు పట్టి పోయగలిగినవాళ్లే దాని జోలికి వెళ్లాలి.

పాములొస్తాయన్న భయంతో సువాసన పొదల్ని నరికించేవాళ్లున్నారు. పాము వచ్చేది ఎలుక కోసం, కప్ప కోసం. పొద మొదట్లో రాలిన ఆకు, పేర్చిన ఇటుకలు తీసేస్తే దానికి దాగే చోటుండదు. తలనొప్పి మాట మాత్రం నిజమే, రేరాణి ఘాటు కొందరికి పడదు. దాన్ని పడకగది కిటికీ కింద నాటకూడదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం నీడ. పక్కన నాలుగంతస్తులు లేస్తే మల్లె ఆకు వేస్తుందే గానీ మొగ్గ వేయదు. అలాంటి చోట కింద నందివర్ధనం నాటుకుని, మల్లెను అడుగున్నర లోతు కుండీలో డాబా మీదికి ఎక్కించాలి. ఎండాకాలం ఆ కుండీకి రోజూ నీళ్లు తప్పవు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు అందుకు చాలావరకు సరిపోతాయి.