పోట్లాడే మరలు

సంక్రాంతికీ, శివరాత్రికీ గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో బండలాగుడు పోటీలు జరగడం అందరూ ఎరిగినదే. ఏడాది పొడుగునా ఉలవలు పెట్టి మేపిన ఒంగోలు గిత్తలు నిర్ణీత కాలంలో రాతిబండను ఎంత దూరం ఈడ్చగలవో అక్కడ తేలుతుంది. పోటీ సమంగా ఉండడానికి గిత్తలను రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని విడదీస్తారు. ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు ఇలాంటి వ్యసనమే మరొకటి ఉన్నది. ఏడాదిపాటు కష్టపడి ఒక యంత్రాన్ని తయారుచేసి, దానిని మరొక యంత్రం మీదికి పోరుకు వదులుతారు. ముంబయి ఐ.ఐ.టి. విద్యార్థులు డిసెంబరులో జరిపే టెక్‌ఫెస్ట్‌లో ఈ పోరు పెద్ద ఆకర్షణ. ఇక్కడ తరగతులు పళ్ళను బట్టి కాక బరువును బట్టి ఏర్పడినవి. మన దేశంలో 8, 15, 60 కిలోల తరగతులు పరిపాటి. సాధారణంగా పోరు మూడు నిమిషాలలో ముగుస్తుంది.

వీటిని రోబోట్లు అంటారు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రచించిన నాటకంతో వ్యాప్తిలోకి వచ్చిన ఈ మాటకు మూలార్థం వెట్టిచాకిరి. తమంతట తాము ఆలోచించలేని ఈ యంత్రాలకు, దూరంగా నిలిచిన మనిషి రేడియో తరంగాలతో నడిపే వీటికి, ఆ పేరు కొంత ఎక్కువే. అమెరికాలోని డెన్వరులో 1987లోనే ఇటువంటి పోటీ ఒకటి జరిగింది. సినిమాలకు నమూనాలు చేసే మార్క్ థోర్ప్ రేడియోతో నడిచి ఇల్లు ఊడ్చే యంత్రాన్ని చేయబోయాడు. అది కుదరలేదు గాని, ఆ ప్రయత్నం నుంచే పుట్టిన ఊహతో 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద పోటీని ప్రారంభించాడు. మరుసటి సంవత్సరం జేమీ హైనెమన్ అనే ఆయన చీనావారి వంటబాణలిని బోర్లించి, దానిని పచ్చిక కోసే మిషను ఇంజనుతో గిరగిర తిప్పే యంత్రం తెచ్చాడు. దాని దెబ్బకు ప్రత్యర్థుల తునకలు ఎగిరిపడడం చూసిన నిర్వాహకులు, ప్రేక్షకులకు అపాయమని భయపడి, విజయంలో వాటా ఇచ్చి దానిని పోటీనుంచి తప్పించారు.

తిరిగే బాణలికి అంత బలం ఎక్కడిది?

ఒక విద్యార్థి 15 కిలోల తరగతికి యంత్రం చేయబూనాడనుకుందాం. మొదట తోచేది ప్రత్యర్థిని నెట్టివేయడం. కాని నెట్టే బలం మోటారు సామర్థ్యం ఒక్కదానిమీదనే ఆధారపడదు. చక్రాలకూ నేలకూ మధ్యగల ఘర్షణ దానికి హద్దు గీస్తుంది. ఘర్షణ గుణకం 0.8 అయితే 15 కిలోల యంత్రం సుమారు 12 కిలోల బరువుకు సమానమైన బలంతోనే నెట్టగలదు. అంతకు మించిన మోటారు పెడితే చక్రం ఉన్నచోటనే తిరుగుతుంది. వానాకాలం నల్లరేగడిలో దిగబడిన ట్రాక్టరును చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఈ హద్దును దాటే ఉపాయం పాతకాలపు ఆయిలింజనులో ఉన్నది. హ్యాండిలుతో ఆ ఇంజనును ప్రారంభించే రైతు ముందుగా కవాటాన్ని ఎత్తి ఉంచి పెద్ద చక్రాన్ని తిప్పుతాడు. అది వేగం అందుకున్నాక కవాటాన్ని వదులుతాడు. సిలిండరులోని గాలిని ఒక్క ఊపున నొక్కడం మనిషి చేతికి సాధ్యం కాదు. చక్రం ఆ పని చేసిపెడుతుంది. చేయి కొన్ని సెకండ్లపాటు కొంచెం కొంచెంగా ఇచ్చిన శక్తిని చక్రం దాచుకొని ఒక్క క్షణంలో ఖర్చుచేసింది. పోరాట యంత్రంలోని పళ్ళెం కూడా ఇంతే.

లెక్క చూస్తే ఇంకా స్పష్టపడుతుంది. పళ్ళెం బరువు 3 కిలోలు, వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 6,000 చుట్లు అనుకుందాం. దాని జడత్వ భ్రామకం 0.015 కిలోగ్రాము చదరపు మీటర్లు, కోణీయ వేగం సెకండుకు 628 రేడియన్లు. కనుక గతిశక్తి దాదాపు 3,000 జౌళ్ళు. ఆ మొత్తం యంత్రాన్నే 20 మీటర్ల ఎత్తుకు లేపడానికి చాలిన శక్తి ఇది. 500 వాట్ల మోటారు, నష్టాలు లేవనుకుంటే, దీనిని ఆరు సెకండ్లలో సమకూర్చగలదు. తగిలినప్పుడు ఇందులో మూడవ వంతే సెకండులో వెయ్యవ వంతు కాలంలో విడుదలైనా, ఆ క్షణానికి దాని సామర్థ్యం పది లక్షల వాట్లు, అంటే సుమారు 1,340 అశ్వశక్తి!

గతిశక్తి వేగవర్గాన్ని అనుసరించి పెరుగుతుంది గదా, అయితే పళ్ళాన్ని ఇంకా ఇంకా వేగంగా తిప్పితే సరిపోదా? కొత్తవారిలో చాలామంది ఇక్కడనే మోసపోతారు. పళ్ళెం అంచున ఒక్క పన్ను ఉన్నదనుకుందాం. 6,000 చుట్ల వేగంలో ఆ పన్ను మళ్ళీ అదే చోటికి రావడానికి సెకండులో నూరవ వంతు పడుతుంది. ప్రత్యర్థి సెకండుకు 3 మీటర్ల వేగంతో సమీపిస్తే, ఆలోగా 3 సెంటీమీటర్లు లోపలికి వస్తుంది. పన్ను అంత లోతున పట్టి ఎత్తివేయగలదు. పళ్ళు రెండయితే ఆ లోతు ఒకటిన్నర సెంటీమీటరే. వేగాన్ని రెట్టింపు చేస్తే ముప్పాతిక సెంటీమీటరే. అప్పుడు పన్ను పట్టడానికి బదులు అంచును గీరుకుంటూ పోతుంది. సానరాయిమీద కత్తి పెట్టినట్లు నిప్పురవ్వలు లేస్తవి, ప్రేక్షకులు చప్పట్లు కొడతారు, ప్రత్యర్థి చెక్కుచెదరదు. అనుభవజ్ఞులు ఒంటిపన్ను పళ్ళాన్ని ఇష్టపడడం ఇందుకే. అయితే ఆ పన్ను బరువుకు ఎదురువైపున సరితూగే లోహం ఉంచాలి. లేకుంటే పళ్ళెం అదిరి తన బేరింగులను తానే తింటుంది.

నిలువుగా తిరిగే పళ్ళానికి మరొక పేచీ ఉన్నది. యంత్రం ఒక్కసారిగా పక్కకు తిరిగితే దాని ఒక చక్రం నేలను విడిచి లేస్తుంది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చు. సైకిలు ముందు చక్రాన్ని ఇరుసు రెండు కొనలా పట్టుకొని, దానిని వేగంగా తిప్పించి, ఇరుసును నేలకు సమాంతరంగా పక్కకు తిప్పబోతే అది మీదికో కిందికో ఒరుగుతుంది.

ఇక ఏడాది పని. మొదటి నెలలు కాగితంమీదా అట్టముక్కలతోనూ గడుస్తవి. ఆ తరువాత ఆటోనగరులోని లేత్ మిషన్ల చుట్టూ, వెల్డింగు షాపుల చుట్టూ తిరుగుడు. పన్నుకు ఉక్కు ఎంచుకోవడం ఒక విద్య. లారీ కమాను పట్టీలతో కొడవళ్ళు చేసే కమ్మరికి తెలిసిన సూక్ష్మమే ఇందులోనూ ఉన్నది: ఎర్రగా కాచి నూనెలో ముంచిన ఉక్కు గట్టిపడుతుంది గాని పెళుసుబారుతుంది, దానిని మళ్ళీ కొద్దిగా కాచితేనే దెబ్బకు ఓరుస్తుంది. మొదటి యంత్రాలు ప్రత్యర్థి దెబ్బకంటె తమ దెబ్బకే ఎక్కువగా పాడవుతవి. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉన్నది కనుక, పన్ను ఎంత బలంగా కొట్టినా అంత బలమూ ఇరుసు ద్వారా సొంత చట్రానికి వస్తుంది.

అసలు అపాయం పోటీలో కంటె ఇంటివద్దనే ఎక్కువ. పై లెక్కలోని పన్ను అంచు గంటకు 226 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పోటీలో దట్టమైన పాలికార్బొనేటు పలకల గోడ ఉంటుంది. హాస్టలు వరండాలో ఉండదు. అందుకే ఇరుసుకు అడ్డంగా ఇనుప పిన్ను దూర్చకుండా యంత్రాన్ని బల్లమీద ఉంచరాదు. రేడియో సంకేతం తెగిన వెంటనే మోటార్లు ఆగేటట్లు అమర్చనిదే ఏ పోటీలోనూ అనుమతించరు. లిథియం పాలిమరు బ్యాటరీతోనూ జాగ్రత్త కావాలి. దాని ఘటం ఒక్కొక్కటి 4.2 వోల్టులు దాటరాదు, 3 వోల్టులకు దిగరాదు. ఉబ్బినా, గుచ్చుకున్నా పొగలుకక్కి మండవచ్చు. ఇసుక బకెట్టు పక్కన పెట్టుకొని, మనిషి దగ్గర ఉండగా ఛార్జి చేయాలి; దూదిపరుపు మీద పెట్టి నిద్రపోయేవారికి పత్తి ఎంత తేలికగా అంటుకుంటుందో ఈ సీమలో ఎవరైనా చెబుతారు.

మూడు నిమిషాలు ముగిసినా పళ్ళెం వెంటనే ఆగదు. అది పూర్తిగా నిలిచేదాకా తలుపు తీయరు. ఆ తరువాత పిన్ను దూర్చి, బ్యాటరీ తీగ విడదీసి, యంత్రాన్ని బల్లమీదికి తెస్తారు. ఆరితేరినవాడు ముందుగా పన్నును చూడడు. స్పానరు తీసుకొని ఇరుసు పట్టిన బోల్టులలో ఏవి సాగినవో, ఏవి వదులైనవో ఒక్కొక్కటిగా తడుముతాడు.