నూలు మిల్లు లెక్క, విమానం లెక్క: అపోహలు – వాస్తవాలు

తమిళనాడులో రాజపాళయం నుంచి తెన్‌కాశి వెళ్లే రోడ్డు మీద, పడమటి కనుమల అంచున ఉంటుంది సేత్తూరు. విమానం ఎక్కాలంటే ఇక్కడివాళ్లు మదురైకో తూత్తుకుడికో తిరువనంతపురానికో పోవాలి. చుట్టుపక్కల వినిపించే మాటలన్నీ నూలు మిల్లుల గురించి, బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల గురించి, సిమెంటు గురించి, పంటల గురించి. ఇలాంటి చోట, ఇంట్లో తెలుగు మాట్లాడే రాజు సామాజిక వర్గం నుంచి వచ్చిన పి.ఏ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్స్‌నీ, 1957లో మద్రాస్ సిమెంట్స్‌నీ స్థాపించారు. ఆ కుటుంబంలో మూడో తరం వారైన పి.ఆర్. వెంకట్రామ రాజా నాయకత్వంలో 1990లలో వ్యాపార సాఫ్ట్‌వేర్ తయారీ మొదలైంది. 1997లో అది రామ్‌కో సిస్టమ్స్ పేరుతో చెన్నై కేంద్రంగా విడి కంపెనీ అయింది. ఇవాళ ఆ కంపెనీ అమ్మేవాటిలో జీతాల లెక్కలు, సరుకు లెక్కలతో పాటు విమానాల, హెలికాప్టర్ల మరమ్మతుల సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. విదేశీ సంస్థలు దాన్ని వాడుతున్నాయి. నూలు వడికి, సిమెంటు చేసిన ఇంటికి విమానాలతో పనేమిటని అడిగేవాళ్లు చాలామంది. ఆ ప్రశ్న వెనక ఒక అపోహ ఉంది: విమానాల సాఫ్ట్‌వేర్ అంటే గాలిలో విమానాన్ని నడిపేదేనన్న అపోహ. నడిపే సాఫ్ట్‌వేర్ వేరు, అది విమానంలోనే ఉంటుంది. విమానాన్ని ఎగరనివ్వాలా వద్దా అని నేల మీద తేల్చే సాఫ్ట్‌వేర్ వేరు. ఈ రెండోది ఏ భాగం ఎప్పుడు బిగించారు, ఎంత వాడారు, ఎవరు పరీక్షించి సంతకం పెట్టారు అన్న లెక్కే రాస్తుంది. ఆ పని మిల్లులు తెలిసినవాళ్లకు కొత్త కాదు.

రింగ్ ఫ్రేమ్ దగ్గర నిలబడి చూస్తే ఈ సంగతి తేటగా తెలుస్తుంది. ఒక్కో ఫ్రేములో వెయ్యికి పైగా స్పిండిల్స్ ఉండవచ్చు. ప్రతి స్పిండిల్ చుట్టూ ఒక ఉక్కు రింగు, దాని అంచున దారాన్ని పట్టుకుని గిరగిరా తిరిగే చిన్న ఉక్కు కొక్కెం. దాన్ని ట్రావెలర్ అంటారు. గోటి కన్నా చిన్నది, ధర అంతకన్నా చిన్నది. కానీ అది అరిగితే దారం తెగుతుంది, నూలుకు నూగు లేస్తుంది. అందుకే మంచి మిల్లులో అది అరిగినట్టు కంటికి కనిపించే దాకా ఆగరు. ఇన్ని రోజులకోసారి అని పెట్టుకుని, బాగున్నవాటితో సహా ఫ్రేము మొత్తానికి మార్చేస్తారు. విమానం ఇంజన్‌లో తిరిగే లోహపు డిస్కుదీ ఇదే పద్ధతి, ఫలితమే వేరు. ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్. ప్రతి సైకిల్‌కూ డిస్కు వేడెక్కుతుంది, సాగుతుంది, చల్లారుతుంది. అలా వేల సార్లు జరిగితే లోహంలో పగులు పుట్టవచ్చు. అందుకని భాగాన్ని బట్టి 20,000 సైకిళ్లనో 30,000 సైకిళ్లనో హద్దు పెడతారు. అంకె నిండిన రోజున, అద్దంలా మెరుస్తున్నా సరే, తీసి పారేయాల్సిందే. కన్ను చెప్పలేనిది లెక్క చెబుతుంది కాబట్టే, ఆ లెక్క పోయిన డిస్కుకు విలువ లేదు. ఎన్ని సైకిళ్లు తిరిగిందో పుట్టిన నాటి నుంచి కాగితం చూపలేకపోతే, కొత్తదానిలా ఉన్నా అది తుక్కే.

లెక్క అంటే గుమస్తాల పని, అసలు భద్రత ఇంజనీర్ల చేతిలో ఉందని కొందరంటారు. వాళ్ల ముందు 1989 జులై 19న అమెరికాలో జరిగిన ప్రమాదాన్ని పెట్టాలి. డెన్వర్ నుంచి చికాగో వెళ్తున్న యునైటెడ్ 232 విమానంలో తోక ఇంజన్ ఫ్యాన్ డిస్కు గాలిలోనే పగిలింది. ఆ ముక్కలు విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ తెంచేశాయి. సూ సిటీలో దించబోతే 112 మంది చనిపోయారు, 184 మంది బతికారు. ఆ డిస్కు హద్దు 18,000 సైకిళ్లు. పగిలింది 15,503 దగ్గర. 'మరి లెక్క కాపాడలేదు కదా' అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఆ ఒక్క డిస్కును కాపాడలేదు. డిస్కు చేసిన టైటానియం పోతలోనే లోపం ఉంది, దాని నుంచి పెరిగిన పగులు అంతకు ముందు చేసిన పరీక్షలో దొరకలేదు. కానీ తర్వాత ఏం చేయగలిగారో చూడాలి. అదే పోత నుంచి వచ్చిన మిగతా డిస్కులు ఏ విమానాల్లో ఉన్నాయో రికార్డులు పట్టుకుని వెతికి, తీయించి పరీక్షించారు. ఆ వెతుకులాటలోనే ఒకే సీరియల్ నంబరు మీద రెండు డిస్కులు నమోదై ఉన్నాయని బయటపడి, దర్యాప్తు చిక్కుల్లో పడింది. పదిహేడేళ్ల కింద ఫ్యాక్టరీలో సరిగా రాయని ఒక వరస అంత దూరం వెంటాడింది.

అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన అపోహ మరొకటి ఉంది: విమానంలో అన్నీ సరికొత్త కంప్యూటర్లు ఉంటాయని, లేకపోతే ప్రమాదమని. 1995లో సర్వీసులోకి వచ్చిన బోయింగ్ 777ను తీసుకోండి. రెక్కల మీద, తోక మీద కదిలే పలకలను నడిపే ప్రధాన కంప్యూటర్లు అందులో మూడు. ఒక్కోదానిలో మూడు రకాల ప్రాసెసర్లు: ఇంటెల్ 80486, మోటరోలా 68040, ఏఎండీ 29050. అప్పటికే అంతకన్నా వేగమైన పెంటియమ్ మార్కెట్లో ఉంది. అయినా పాత చిప్‌లనే, అవీ మూడు వేర్వేరు కంపెనీలవి ఎందుకు పెట్టారు? ఒక చిప్ డిజైన్‌లో తప్పుంటే అదే తప్పు మిగతా రెండూ చేయకూడదని. 777 మొదటిసారి ఎగిరిన 1994లోనే పెంటియమ్ కొన్ని భాగహారాల్లో తప్పు జవాబు ఇస్తోందని బయటపడి, ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. హార్డ్‌వేర్ తప్పు చేయదు, తప్పంతా సాఫ్ట్‌వేర్‌దేనన్న నమ్మకానికి అదే జవాబు. బోయింగ్ 747-400లో దారుల డేటాబేస్‌ను ఫ్లాపీ డిస్కుల మీద ఎక్కిస్తారని తెలిసినప్పుడు చాలామంది ముక్కున వేలేసుకున్నారు. అక్కడ చూడాల్సింది ఫ్లాపీని కాదు, ఆ సమాచారం 28 రోజులకోసారి తప్పకుండా మారుతోందా అన్నదాన్ని. ఇటీవలి ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. 2025 అక్టోబరు 30న ఒక ఎయిర్‌బస్ ఏ320 గాలిలో ఉన్నట్టుండి ముక్కు దించింది. తీవ్రమైన సూర్య వికిరణం వల్ల ఒక కంప్యూటర్‌లోని సమాచారం చెడిపోవచ్చని కంపెనీ తేల్చింది. దాదాపు 6,000 విమానాలను సరిచేయాలన్నారు. వాటిలో ఎక్కువ వాటికి చేసిన వైద్యం కొత్త వెర్షన్ తీసేసి పాత వెర్షన్ పెట్టడమే.

అయితే పాతదంతా మేలని దీనికి అర్థం కాదు. 2022 డిసెంబరులో అమెరికాలో మంచు తుఫాను వచ్చినప్పుడు సౌత్‌వెస్ట్ విమాన సంస్థ 16,000కు పైగా విమానాలు రద్దు చేసింది. ఆకాశం తేటపడ్డాకా కోలుకోలేకపోయింది. పైలట్లు, సిబ్బంది ఏ ఊళ్లో చిక్కుకున్నారో దాని పాత షెడ్యూలు సాఫ్ట్‌వేర్ పట్టుకోలేకపోయింది. ఎక్కడున్నామో చెప్పడానికి సిబ్బందే ఫోన్లు చేసి గంటల తరబడి లైన్లో ఉండాల్సి వచ్చింది. విమానాలు బాగున్నాయి, ఇంజన్లు బాగున్నాయి, మనుషులున్నారు; ఎవరెక్కడ అన్న లెక్క తప్పింది. కొత్తది కూడా అలాగే కూలుస్తుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను ఆపేసింది. ఆ రోజు హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయంలో చేతిరాత బోర్డింగ్ పాసులు ఇచ్చారు. విమానాలను నడిపే కంప్యూటర్లకు మాత్రం ఏమీ కాలేదు, ఎందుకంటే వాటిలోకి పరీక్ష పూర్తికాని అప్‌డేట్ రాత్రికి రాత్రి రాలేదు. వయసును బట్టి నమ్మకం రాదు. ఏ పనికి పెట్టామో ఆ పనికి దాన్ని ఎంత పరీక్షించాం, ఆ పరీక్షకు సాక్ష్యం ఏది అన్నదాన్ని బట్టి వస్తుంది. బోయింగ్ 787ను 248 రోజుల పాటు కరెంటు ఆపకుండా ఉంచితే జనరేటర్ల నియంత్రణ పెట్టెల్లో ఒక కౌంటరు నిండిపోయి, మొత్తం కరెంటు పోవచ్చని 2015లో అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అసలు మందు వచ్చే దాకా గడువు లోపల కరెంటు ఆపి వేయడమే వాళ్లు చెప్పిన ఉపాయం. ఆ తప్పును ప్రయోగశాలలో ఎనిమిది నెలల పరీక్ష పట్టుకుంది. మిల్లులో సర్వరుకు అంత ఓపికైన పరీక్ష ఎవరు చేస్తున్నారు?

వ్యాపార సాఫ్ట్‌వేర్ కొంటే లెక్కలు వాటంతటవే సర్దుకుంటాయన్నది కొనేవాళ్ల అపోహ. అమ్మేవాళ్లు దాన్ని పెంచి పోషించడం నాకు నచ్చదు. జర్మనీలో లిడ్ల్ అనే దుకాణాల సంస్థ ఏడేళ్లు, దాదాపు 50 కోట్ల యూరోలు పోసి, 2018లో శాప్ సాఫ్ట్‌వేర్‌ను వదిలేసింది. సరుకు విలువను కొన్న ధరకు కట్టడం లిడ్ల్ అలవాటు; సాఫ్ట్‌వేర్ అమ్మే ధరకు కట్టేది. ఎవరి పద్ధతీ తప్పు కాదు, కానీ ఆ తేడా తేలకుండానే పని మొదలైంది. ఇక్కడి పత్తి వ్యాపారంలో ఇలాంటివి రోజూ ఉంటాయి. ధర మాట్లాడేది క్యాండీకి, అంటే 356 కిలోలకు. సరుకు దిగేది బేళ్లలో, బేలు సుమారు 170 కిలోలు. లెక్క రాసేది కిలోల్లో. ఎవరు ఎక్కడ ఏ కొలత ఎక్కిస్తారో ముందే తేల్చుకోకపోతే ఏ సాఫ్ట్‌వేరైనా తప్పును తప్పుగానే వేగంగా కూడుతుంది. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కు జరిగింది ఇదే. ఇంధనం కిలోల్లో కావాలి, పౌండ్ల లెక్కతో నింపారు. సగానికి తక్కువే పడింది. గాలిలోనే ఇంజన్లు ఆగిపోతే, పైలట్ల నైపుణ్యం వల్ల పాత వైమానిక స్థావరంలో దించగలిగారు.

రికార్డే అబద్ధమైతే ఏం చేస్తామన్నది గట్టి అభ్యంతరం. అదే జరిగిందని 2023లో బయటపడింది. లండన్‌లోని ఏఓజీ టెక్నిక్స్ అనే సంస్థ సీఎఫ్ఎం56 అనే రకం విమాన ఇంజన్లకు దొంగ పత్రాలతో విడిభాగాలు అమ్మింది. పత్రం ఉంది కాబట్టి కంప్యూటర్లు ఒప్పుకున్నాయి. పోర్చుగల్ విమాన సంస్థ మరమ్మతు విభాగంలో ఒక భాగం పత్రంలో రాసినదాని కన్నా పాతగా కనిపించింది. అనుమానం వచ్చి తయారీదారును అడిగితే సంతకం తమది కాదన్నారు. పట్టుకున్నది మనిషి కన్ను, ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క అనుమానం తర్వాత, అదే సరఫరాదారు భాగాలు మరే ఇంజన్లలో ఉన్నాయో దేశదేశాల సంస్థలు వెతికి తీయగలిగింది మాత్రం ఎవరి దగ్గర ఏది కొన్నారన్న లెక్క ఉండబట్టే. సాఫ్ట్‌వేర్ నిజాయితీని పుట్టించలేదు, అబద్ధం ఎంత దూరం పాకిందో చూపగలదు.

ఇదంతా పెద్దవాళ్లకే, చిన్న మిల్లుకు స్టోర్స్ రిజిస్టరు, టాలీ చాలంటే నేను వెంటనే కాదనను. ఒక ఫ్రేములో బేరింగు మామూలు కన్నా ముందే చెడిపోయిందనుకుందాం. అదే లాటు బేరింగులు మిగతా ఏ ఫ్రేముల్లో వేశారో ఆ సాయంత్రం లోపల రిజిస్టరు చెప్పగలిగితే, లక్షలు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. చెప్పలేకపోతే, కొన్నా అది కూడా చెప్పలేదు, సరుకు దిగినప్పుడు లాటు నంబరు ఎవరూ రాసి ఉండరు కనుక. కాబట్టి ముందు గోడౌను దగ్గర కూర్చునే గుమస్తాకు, ఫిట్టరుకు ఆ అలవాటు చేయాలి: దిగినప్పుడు నంబరు, బిగించినప్పుడు ఫ్రేము నంబరు, తీసినప్పుడు తేదీ. ఒక ఏడాది అలా నడిచాక సాఫ్ట్‌వేర్ వాళ్లను పిలిచి, పత్తి కొన్న నాటి నుంచి నూలు అమ్మే దాకా మీ సొంత నెల లెక్కను మీ ఎదురుగా అందులో ఎక్కించి చూపమనండి. రంగుల స్క్రీన్లు, అంకెల గ్రాఫులు తర్వాత చూడొచ్చు.